ఎడమవైపు ముందు తలుపు

ఫిబ్రవరి 9, ఆదివారం. బోధన్ దగ్గర అక్క ఇల్లు, కార్ల షెడ్డు. ఉన్నవాళ్లు: నేను, అక్క, ఆమె కొడుకు, బోధన్ మిస్త్రీ, కారు కొనడానికి హైదరాబాద్ నుంచి వచ్చినాయన.

ఆ రోజు డైరీలో ఇంతవరకే ఉంది. కోపంతో పెన్ను పక్కన పెట్టేశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

బావకు పాత కార్లంటే పిచ్చి. చెరకు పండించి, ఆ షెడ్డులో మూడు కార్లు పోగుచేశాడు. ఆయన పోయాక, వాటిలో అన్నిటికన్నా అరుదైన బూడిదరంగు విలాయతి కారును అమ్మి మోకాళ్ల ఆపరేషన్ చేయించుకుంటానంది అక్క.

ఆ కారులో సీట్ల తోలు, గడియారం, ఇంజను, అన్నీ కంపెనీ నుంచి వచ్చినవే. ఎడమవైపు ముందు తలుపు మాత్రం కంపెనీది కాదు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో నేను చెరకు కాటా దగ్గర గుమాస్తాను. ఒకనాడు కాటా ముందు బండ్ల లైనులో ఎద్దులు బెదిరి, చెరకుబండి వెనక్కి వచ్చి, పక్కనే బావ ఆపిన ఈ కారు తలుపును చీల్చేసింది. అలాంటిది ఎక్కడా దొరకలేదు. మిస్త్రీ మామూలు ఇనుప రేకు తెచ్చి, పదకొండు రోజులు సుత్తితో కొట్టి తలుపు చేశాడు. రంగు కూడా తనే కలిపాడు. లోపలి అట్ట బిగించే ముందు, ఎవరికీ కనపడని చోట, మేకుతో ఉర్దూలో తన పేరు, తారీఖు గీశాడు. ఆ సాయంత్రమే అది నా డైరీలోకి ఎక్కింది.

కొనేవాళ్లకు చూపించడానికి, ఆ డైరీలతో ఇన్నేళ్లకు మేనల్లుడికి పని పడింది. కారులో ఎప్పుడు ఏది విప్పి ఏది బిగించారో అన్నీ వాటిలో ఉన్నాయి. ముందు రోజు ఫోన్ చేశాడు.

"మామా, డైరీలన్నీ పట్కరా. గా తలుపు జేసిన ఏడాదిది మాత్రం ఇంట్లనే పెట్టు."

"ఎందుకురా?"

"నీకెందుకు మామా? అమ్మ మోకాళ్లు సూడు."

ఆ ఒక్కటీ ఇంట్లోనే పెట్టి వెళ్లాను. అది నా తప్పు.

వచ్చినాయన అయస్కాంతం, చిన్న లైటు పట్టుకుని గంటసేపు కారు చుట్టూ తిరిగాడు. "అన్నీ ఒరిజినలేనా?" అన్నాడు.

"కంపెనీల నుంచి ఎట్లొచ్చిందో గట్లనే ఉంది సార్" అన్నాడు మేనల్లుడు.

ఆయన కుడి తలుపు వేసి చూశాడు. తర్వాత ఎడమ తలుపు. రెండింటిదీ ఒకటే చప్పుడు.

"చూడండి, ఆ కాలం కంపెనీ పనితనం! మన దగ్గర ఎవడికొస్తుందండీ ఇది?"

కారు స్టార్ట్ చేసి చూపించడానికి పిలిపించిన మిస్త్రీ నా పక్కనే ఉన్నాడు. ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. "జీ సాబ్, మనకేడ ఒస్తది" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

"ఆ తలుపు కంపెనీది కాదు. ఈయన చేసిండు" అన్నాను.

"మామకు మతిమరుపు సార్."

రోజు తప్పకుండా రాసుకునేవాణ్ణి, నాకు మతిమరుపా! "అట్ట ఇప్పు. లోపల పేరుంటది" అని అరిచాను. మేనల్లుడు కదల్లేదు. మిస్త్రీయే స్క్రూలు విప్పాడు. పేరు ఉండాల్సిన చోట రేకు తళతళ మెరుస్తోంది. గ్రైండర్ పెట్టి గీకేశారు. గీకిన ఇనుప రజను ఇంకా తలుపు అడుగునే ఉంది.

వచ్చినాయన ఆ రజను వేలికి అద్దుకుని చూశాడు. "తలుపు చేయించామని చెప్తే కొనేవాణ్ణే. ఇంకేమేం గీకారో నాకెట్లా తెలుస్తుంది?" అనేసి వెళ్లిపోయాడు.

"కడుపు సల్లగైందా మామా? ఇగ అమ్మను నువ్వే ఎత్కొని తిప్పు."

"నోర్ముయ్" అంది అక్క. "గ్రైండర్ ఎన్నడు పెట్టినవ్‌రా? నాకెందుకు జెప్పలే?"

యాభై ఏళ్లవాడు, వంగి విప్పిన స్క్రూలు ఏరడం మొదలుపెట్టాడు.

మిస్త్రీ గీకిన చోట బొటనవేలితో రుద్దాడు. "నేను పదకొండు దినాలు గొట్టిన బేటా. నువ్వు నిమిషంల సాఫ్ జేసినవ్. నాకన్న నీ చెయ్యే తేజ్" అన్నాడు.

అన్నం తినకుండా నిజామాబాద్ బస్సెక్కాను. మేనల్లుణ్ణి దారి పొడుగునా తిట్టుకున్నాను. ఇంటికొచ్చి అలమరలో ఒంటరిగా ఉన్న ఆ ఏటి డైరీని చూసేసరికి, ఆ తిట్లన్నీ నాకూ తగిలాయి.

మర్నాడు పొద్దున మొదటి బస్సుకే ఆ డైరీ చంకన పెట్టుకుని వెళ్లాను. షెడ్డు తెరిచి ఉంది. అక్క కుర్చీ వేయించుకుని తలుపు ముందే కూర్చుంది. మిస్త్రీని తనే పిలిపించిందట. ఆయన చేతిలో మేకు ఉంది. అక్క చెప్పినట్టు మేనల్లుడు లైటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఇది అయినంక గాయనకు నేనే ఫోన్ జేస్త తమ్మీ. కొంటే కొంటడు, లేకుంటే లేదు" అంది అక్క.

"తారీఖు యాదికి లేదు సాబ్" అన్నాడు మిస్త్రీ. "ఇయ్యాల్టిది ఎయ్యాల్నా?"

డైరీ తెరిచి పాత తారీఖు చదివాను. ఆయన గీస్తుంటే రేకు కీచుమంది. మేనల్లుడు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"లైటు సక్కగ పట్టు" అన్నాను. ఆ పొద్దున వాడితో నేనన్న మాట అదొక్కటే.