జెప్పెలిన్ వైపు మనిషి

ఎల్లాజీ అంత మొండివాణ్ణి ఈ జిల్లాలో నేను చూడలేదు. కళింగపట్నం లైట్‌హౌసునైనా కదపొచ్చు గానీ, వాడు పట్టిన మాట మీంచి వాణ్ణి కదపడం ఎవరి తరమూ కాదు. ఆ మాటేమిటంటే, ఇంగ్లండు దేశంలో పుట్టిన రాక్ బేండులన్నిటిలోకీ లెడ్ జెప్పెలినే గొప్పదని. కాదు, బీటిల్సే గొప్పవాళ్ళని నేను. మా మీసాలు నల్లగా ఉన్నప్పుడు మొదలైన గొడవ ఇది. అవి తెల్లబడి, మేం పళ్ళు కట్టించుకునే వయసు వచ్చినా తెగలేదు.

కళింగపట్నంలో చేపలు పట్టేవాళ్ళింట పుట్టినవాడికీ, కోటబొమ్మాళి వరి రైతు కొడుకునైన నాకూ ఈ ఇంగ్లీషు గోల ఎక్కడిదని మీరు అడగొచ్చు. మా ఊళ్ళో అందరూ అడిగారు లెండి, మా నాన్నయితే తిట్టి మరీ అడిగాడు. పొలం చూసుకోరా అంటే వినకుండా నేను బజార్లో షాపు పెట్టి, మైకుసెట్లు అద్దెకిచ్చేవాణ్ణి, ఖాళీ కేసెట్లలో పాటలు ఎక్కించి ఇచ్చేవాణ్ణి. వాల్తేరు రైల్వే కాలనీకి చెందిన ఆంగ్లో ఇండియన్ గార్డు ఒకాయన, బదిలీ మీద వెళ్ళిపోతూ తన బీటిల్స్ కేసెట్లు నా చేతిలో పెట్టిపోయాడు. వాటిలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. కానీ ఆ నలుగురూ గొంతులు కలిపితే నాకు ప్రాణం లేచొచ్చేది. మా అన్నదమ్ములు నలుగురం ఏనాడూ అలా ఒక్క మాట మీద ఉన్నది లేదు.

ఎల్లాజీ ఓడలో, ఇంజను రూములో పనిచేసేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు, ఉప్పుగాలికి కేసెట్లు పాడైపోతున్నాయని కాపీలు తీయించుకోవడానికి నా షాపుకి వచ్చాడు. లోపల బీటిల్స్ మోగుతోంది. గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏటి బాబూ, జోలపాట ఎట్టుకున్నావు? లోపల పిల్లలేటైనా తొంగున్నారేటి?"

నాకు ఒళ్ళు మండింది. వాడి జెప్పెలిన్ కేసెట్ పెట్టాను. ఆ డ్రమ్ముల మోతకి స్పీకరు చిరిగిపోతుందేమోనని సౌండు తగ్గించాను. వాడు చెయ్యి చాపి పెంచాడు. నేను మళ్ళీ తగ్గించాను. మళ్ళీ పెంచాడు.

"అది డ్రమ్ము కాదు బావా, ఇంజను. ఇంజను లేకపోతే ఓడేటి? ఉత్త రేకు డబ్బా," అన్నాడు. టీ తెప్పించేలోపే నేను వాడికి బావనైపోయాను.

ఆనాటి నుంచి వాడు ఓడ దిగాడంటే ముందు నా షాపుకి రావలసిందే, ఆ తర్వాతే ఇల్లు. వాడి పెళ్ళాం నూకమ్మ మూతి తిప్పేది. "ఆ దొరలేటి మీకు పిల్లనిచ్చినారా? ఎవుడు గొప్పయితే మనకేటి?" అని మా ఇద్దరికీ కలిపి చివాట్లు పెట్టేది. మూడో స్థానం మీద మాకు పెద్ద పేచీ ఉండేది కాదు. రోలింగ్ స్టోన్స్ అని నేను, పింక్ ఫ్లాయిడ్ అని వాడు కాసేపు అనుకుని, సర్లే పోనీ అని వదిలేసేవాళ్ళం. క్వీన్ అనే బేండు సంగతి వస్తే ఇద్దరిదీ ఒకటే పాట, బాగుంటుందని. మొదటి స్థానం దగ్గర మాత్రం కళ్ళెర్రజేసుకునేవాళ్ళం.

ఒక ఏడు కళింగపట్నంలో గంగమ్మ పండక్కి నా మైకుసెట్టే పెట్టారు. ఊరేగింపు బయల్దేరబోతుంటే, నేను వైర్లు చూసుకుంటున్న సమయంలో, ఈ దొంగ వెధవ మిషన్లో తన కేసెట్ పెట్టేశాడు. తాటిచెట్టుకి కట్టిన హారన్లలోంచి జెప్పెలిన్ డ్రమ్ములు విరుచుకుపడ్డాయి. ఊరివాళ్ళు నన్ను చెట్టుకి కట్టేసి కొడతారనుకున్నాను. ఇంతలో వాడి మేనత్త మరిడమ్మ జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది. అమ్మోరు పూనేసింది! ఆడవాళ్ళు పరిగెత్తుకొచ్చి పసుపునీళ్ళు పోశారు, వేపమండలు తెచ్చారు. ఆ పాట అయిపోయేదాకా అమ్మోరు దిగలేదు.

ఇంక చూసుకోండి నా అవస్థ. "మా వోళ్ళు అమ్మోర్నే రప్పించినారు. నీ బీటిల్సోళ్ళు కనీసం మీ అమ్మనైనా నిద్ర లేపగలరేట్రా?" అని ఎక్కడ పడితే అక్కడ, నలుగురిలోనూ అనేవాడు.

అంతకన్నా పెద్ద వాదన ఇంకొకటి ఉండేది వాడికి. అది చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవాడు కాదు.

"నీ వోళ్ళు నలుగురూ బతికుండగానే ఇడిపోనారు. మా వోళ్ళలో డ్రమ్ములోడు సచ్చిపోనాడు. మిగిలిన ముగ్గురూ ఏటి సేసినారు? ఇంకొకణ్ణి ఎట్టుకోనేదు. బేండే ఆపేసినారు. అదిరా గొప్పంటే."

"ఆపేస్తే గొప్పేట్రా?" అని నేను లేచేవాణ్ణి. "పోయినోడు పోనాడు. ఉన్నోళ్ళు వాయించాలి కదా! నోరు మూసుకుని కూకుంటే గొప్పయిపోతారా?"

వాడు తల అడ్డంగా ఊపేవాడు. ఆ తల నిలువుగా ఊగడం నేను చూస్తానా అనిపించేది.

కేసెట్ల కాలం పోయింది. షాపు ఎత్తేశాను. వాడు ఓడ పని మానేసి ఊళ్ళో వలలు బాగుచేసుకుంటూ ఉండిపోయాడు. సెల్‌ఫోన్లు వచ్చాక రోజూ సాయంత్రం ఫోను చేసేవాడు. హలో అనేది లేదు, ఎలా ఉన్నావని అడిగేది లేదు. "ఏటి బావా, ఒప్పుకున్నావా, నేదా?" అదే వాడి పలకరింపు. "ఒప్పుకోను పోరా" అనేవాణ్ణి నేను. ఆ తర్వాతే వానలూ, పిల్లలూ, మోకాళ్ళ నొప్పులూ.

పోయినేడు ఆ ఫోన్లు తగ్గాయి. నేనే చేస్తే "ఆఁ, ఆఁ" అని పెట్టేసేవాడు. ఏదో అలిగాడనుకున్నాను. మొన్న నూకమ్మ ఫోను చేసింది.

"అన్నయ్యా, మీ బావకి మతిమరుపు జబ్బంట. సికాకుళంలో డాట్రు సెప్పినాడు. పిల్లల పేర్లు మర్సిపోనాడు. నిన్న నన్నే 'ఎవులమ్మా నువ్వు' అన్నాడు." ఫోన్లోనే ముక్కు చీదుకుంది. "పాత సంగతులు మాటాడుతుండమన్నారు. నువ్వోపాలి రా అన్నయ్యా. ఒచ్చి ఆ దొరల గొడవెట్టుకో. దానికి కోపమొచ్చినట్టు ఇంక దేనికీ రాదు. కోపమొస్తేనైనా మడిసి ఎనక్కొస్తాడేమో."

ఆ గొడవ వద్దని జీవితమంతా మా ఇద్దర్నీ తిట్టిన మనిషి, గొడవ పెట్టుకోమని ఏడుస్తోంది. తెల్లారగానే బయల్దేరి, శ్రీకాకుళంలో బస్సు మారి కళింగపట్నం వెళ్ళాను. దారంతా వాడికి మండిపోయే మాటలు కూడబెట్టుకుంటూనే ఉన్నాను.

ఇంటి ముందు ఇసుకలో చేపలు ఎండుతున్నాయి. ఎల్లాజీ అరుగు మీద కూర్చుని వల అల్లుతున్నాడు. చేతులు మర్చిపోలేదు, చకచకా ఆడుతున్నాయి. మనిషి మాత్రం నన్ను చూసి, దారిన పోయేవాణ్ణి చూసినట్టు మర్యాదగా నవ్వాడు.

"ఒరే ఎల్లాజీ, ఇన్నావా? బీటిల్సే గొప్ప," అన్నాను.

చూశాడు.

"నీ జెప్పెలినోళ్ళది పాటేట్రా? ఉత్త కేకలు. ఆ డ్రమ్ములోడు రేకు డబ్బాలు వాయించుకోడానికే పనికొస్తాడు," అన్నాను. ఆ మాటకి పూర్వమైతే నా కాలరు పట్టుకునేవాడు. నూకమ్మ గుమ్మం పట్టుకుని మొగుడి మొహంలోకే చూస్తోంది. నేను గొంతు పెంచాను. "మీ మరిడమ్మత్తకి పూనింది అమ్మోరు కాదురా, తలనొప్పి! ఒప్పుకో. బీటిల్సే గొప్ప. ఒప్పుకుంటావా, నేదా?"

ఎల్లాజీ చేతులు ఆపాడు. తిట్టు, తిట్టరా నాయనా అనుకున్నాను.

"అలగేనండి," అన్నాడు, తల నిలువుగా ఊపుతూ. "మీరు సెప్పిందే నిజం."

గెలిచాను. అలాంటి గెలుపు పగవాడికి కూడా వద్దు. నూకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఏమీ తోచక సెల్‌ఫోను తీసి, గంగమ్మ పండగనాడు మోగిన ఆ డ్రమ్ముల పాటే పెట్టాను. ఎల్లాజీ చెవి ఒగ్గి, చివరిదాకా విన్నాడు.

"బాగున్నాదండి," అన్నాడు. "ఎవుళ్ళదండి ఇది?"

నేను వాడి పక్కన చతికిలబడ్డాను. వాడి వైపున మాట్లాడేవాడు ఇంక ఈ భూమ్మీద లేడు. నేనే మాట్లాడాను.

"వీళ్ళు లెడ్ జెప్పెలిన్ అనీ నలుగురురా. వీళ్ళ పాటకి గంగమ్మ పండగలో అమ్మోరు పూనింది. వీళ్ళలో డ్రమ్ములోడు సచ్చిపోనాడు. మిగిలినోళ్ళు ఇంకొకణ్ణి ఎట్టుకోనేదు. బేండే ఆపేసినారు. అందుకే వీళ్ళు గొప్ప."

వాడు కథ వింటున్నట్టు విన్నాడు. "అయ్యో, పాపం," అన్నాడు. తర్వాత అడిగాడు. "పోయినోడు పోనాడు. మరి మిగిలినోళ్ళు ఏటైపోనారండీ?"

ఉన్నోళ్ళు వాయించాలి కదా అని వాడి మీద నేను ఎన్నిసార్లు ఎగిరి ఉంటానో! నా దగ్గర వాయించడానికి ఏముంది? రేపట్నుంచి నేను ఎవడితో దెబ్బలాడను? నాకు ఏడుపు ఆగలేదు. పక్కింటివాళ్ళు చూస్తున్నా, సిగ్గు లేకుండా గట్టిగా ఏడ్చాను.

"ఒప్పుకున్నాను బావా," అన్నాను. "ఒప్పుకున్నానురా."

ఎల్లాజీ కంగారుపడ్డాడు. ఒళ్ళో ఉన్న వలని పక్కకి నెట్టి, నాకు చోటు చేస్తూ, "ఏడవకండి బాబూ, ఇలగొచ్చి నీడలో కూకోండి," అన్నాడు.