ఆదివారం పదకొండు గంటల ఆట

విమలకుమారికి అమెరికన్ ఫుట్‌బాల్ అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది. అర్థమయ్యాక పెద్దగా నచ్చలేదు. ఒకడు బంతి పట్టుకుని పరిగెత్తడం, పదిమంది వాడి మీద పడడం, తర్వాత అందరూ లేచి గుండ్రంగా నిలబడి చర్చ పెట్టుకోవడం. "మా ఊరి పంచాయతీ నయం. అక్కడ ముందు చర్చ, తర్వాతే మీద పడడం" అనేది భర్త షాలేం రాజుతో. అయినా సరే, ఆ ఆట ఆడే నూట పదిమందిని హెల్మెట్లతో సహా ఊరుకాని ఊరికి వేళకు చేర్చి, తిండి పెట్టించి, మళ్లీ వేళకు వెనక్కి తేవడంలో ఆమెను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. తెలిసినట్టు దాచుకునేది కూడా కాదు.

ఆమె పనిచేసేది ట్రినిటీ ఫోర్క్ యూనివర్సిటీ క్రీడా విభాగంలో. టెక్సాస్ రాష్ట్రంలో, ఫ్రిస్కోలోని ఇంటి నుంచి కార్లో నలభై నిమిషాలు. 2004లో గ్రీన్ కార్డు చేతికొచ్చిన నెలలోనే చిన్న గుమస్తా పనికి చేరింది. ఏడాది తిరక్కుండానే జట్ల ప్రయాణాల పనంతా ఆమె నెత్తిన పడింది. పడింది అనడం మర్యాదకు. అంతకుముందు ఆ పని చూసే మనిషి ఒకసారి టెన్నిస్ జట్టును ఒక ఊరికీ, వాళ్ల రాకెట్లను ఇంకో ఊరికీ పంపించాడు. మర్నాడు విమల డైరెక్టర్ గదిలోకి వెళ్లి, "ఈ పని నాకివ్వండి" అని అడిగి తీసుకుంది.

ఆ ధైర్యం ఊరికే రాలేదు. వాళ్ల నాన్న గుడివాడ బస్ డిపోలో కంట్రోలర్. ఇంట్లో భోజనాల బల్ల మీద పెద్ద కాగితం పరిచి, నిలువుగా బస్సులు, అడ్డంగా గంటలు గీసి, డ్యూటీ చార్టు వేసేవాడు. ఏ బస్సు ఏ పల్లెలో రాత్రికి ఆగాలి, ఏ డ్రైవరు ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలి, అన్నీ ఆ కాగితంలో ఉండేవి. విమల పక్కన కూచుని స్కేలు పట్టుకునేది. ట్రినిటీ ఫోర్క్‌లోనూ ఆమె అలాగే గోడ నిండా చార్టు వేసింది. కంప్యూటర్లు పెట్టుకుని ఇదేం చాదస్తమని కోచ్‌లు మొదట నవ్వుకున్నారు. రెండు నెలలయ్యేసరికి పొద్దున్నే కాఫీ కప్పులు పట్టుకొచ్చి ఆ గోడ ముందే నిలబడసాగారు.

ఇలా ఏడేళ్లు చల్లగా సాగింది. 2011లో చిక్కొచ్చి పడింది.

అమెరికాలో కాలేజీలు పదీ పన్నెండూ కలిసి ఒక కూటమి కట్టుకుంటాయి. దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. ఆటలు ఎక్కువగా వాటిలో వాటికే. టీవీ వాళ్లు ఇచ్చే డబ్బు కూడా అవే పంచుకుంటాయి. ట్రినిటీ ఫోర్క్ ఉన్న పాత కాన్ఫరెన్స్‌లో అన్నీ ఇరుగుపొరుగు కాలేజీలే. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి దిగొచ్చు. అయితే ఆ ఏడు దేశమంతా కాలేజీలు కుర్చీలాట మొదలుపెట్టాయి. టీవీ వాళ్లు ఎవరికి ఎక్కువిస్తే వాళ్ల వైపు పరుగు. ట్రినిటీ ఫోర్క్ పెద్దలు కూడా నలుగురితో నారాయణా అన్నారు. తూర్పున, వెయ్యి మైళ్ల అవతల ఉన్న ఒక కాన్ఫరెన్స్‌లో చేరడానికి సంతకాలు పెట్టేశారు.

ఫుట్‌బాల్ జట్టుకేం? విమానంలో వెళ్తారు, విమానంలో వస్తారు, ఏడాదికి ఆరు ప్రయాణాలు. డబ్బు వచ్చేదే వాళ్ల వల్ల. చిక్కంతా చిన్న ఆటలకు. అమ్మాయిల వాలీబాల్ జట్టు వారం వారం వెయ్యి మైళ్లు వెళ్లి రావాలి. టికెట్లు కొని ఆ ఆట చూసేవాళ్లు మూడొందల మంది. వచ్చే ఏడాది నుంచి వాలీబాల్ ఎత్తేస్తారని వార్త గుప్పుమంది. ఆ మాట విమలకు చెప్పింది వాలీబాల్ కోచ్ మార్లీన్. ఆరడుగుల మనిషి, గొంతు విప్పితే పార్కింగ్ లాట్ దాకా వినిపిస్తుంది. ఆ రోజు మాత్రం గుసగుసగా చెప్పింది.

"ఆగస్టు పదిహేనున తేల్చేస్తారట, మిస్ విమలా. పిల్లలకు ఏం చెప్పాలో తెలియట్లేదు."

ఆ జట్టులో షెల్బీ అని ఒక పిల్ల ఉంది. పడమటి టెక్సాస్‌లో పత్తి పండే ఊరు. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి, అదీ ఈ ఆట ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద. మోకాళ్లు ముందు సీటుకు తగులుతాయని బస్సులో ఆ పిల్లకు ఎప్పుడూ మొదటి వరుస రాసేది విమల. జట్టు పోతే ఆ పిల్ల ఇంకో కాలేజీని వెతుక్కోవాలి, లేకపోతే పత్తి చేలకు తిరిగిపోవాలి.

"బెంగపడకు మార్లీన్. ప్రయాణం ఖర్చే కదా అడ్డం? ప్రయాణం నా పని" అంది.

నాలుగు వారాలు చార్టు మీద చార్టు వేసింది. వాలీబాల్ జట్టునూ సాకర్ జట్టునూ ఒకే విమానంలో ఎక్కించి, దగ్గర దగ్గరగా ఉన్న రెండు ఊళ్లలో దింపి, శనివారం ఒకరి ఊరు ఒకరికి మార్చింది. ప్రయాణాల ఖర్చు దాదాపు మూడో వంతు తగ్గింది. అయినా డైరెక్టర్ ప్రూయిట్ పెదవి విరిచాడు. మంచివాడే, కాకపోతే కర్ర విరగకూడదు, పాము చావకూడదు అనే రకం. "చాలా బావుంది విమలా. కానీ చాలదు" అన్నాడు.

ఆగస్టు మొదటి వారంలో కొత్త కాన్ఫరెన్స్ వాళ్లు సమావేశానికి వచ్చారు. వాళ్ల టీవీ ఛానల్ తరఫున ఒకావిడ కూడా వచ్చింది. పొట్టి జుట్టు, పొడుగు ప్రశ్నలు. గోడ మీద విమల వేసిన చార్టు చూస్తూ చాలాసేపు నిలబడింది. తర్వాత వేలు పెట్టి చూపించింది.

"మీ జట్లన్నీ ఆదివారం మధ్యాహ్నం దాకా హోటల్‌లోనే ఉంటున్నాయేం? మిగతా కాలేజీలవాళ్లు తెల్లవారేసరికి ఎయిర్‌పోర్ట్‌లో ఉంటారు."

"అది రూల్ కదా" అంది మార్లీన్.

"ఎవరి రూల్?"

"కాలేజీ ఆటల నేషనల్ అసోసియేషన్ వాళ్లది."

"అదేంటి, నేను పాత కాన్ఫరెన్స్ రూల్ అనుకున్నానే" అన్నాడు ప్రూయిట్. సాకర్ కోచ్ గొంతు సవరించుకుని, తాను ఇన్నాళ్లూ అది టెక్సాస్ రాష్ట్ర చట్టం అనుకున్నానన్నాడు. ప్రూయిట్ రూల్స్ పుస్తకం తెప్పించాడు. తిరగేశాడు. అందులో అలాంటి ముక్క ఒక్కటీ లేదు.

అందరూ విమల వైపు చూశారు.

అప్పుడు తట్టింది ఆమెకు. గుడివాడలో పుట్టి పెరిగిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. వీధిలో పది ఇళ్లుంటే ఆదివారం పొద్దున తెల్ల చీరలు కట్టుకుని ఆరాధనకు బయల్దేరేవి రెండిళ్లే. అమెరికా వచ్చేటప్పుడు ఆమె మనసులో ఉన్న బొమ్మ వేరు. అది క్రైస్తవ దేశం, అక్కడ ఆదివారం పొద్దున దేశానికి దేశమే గుడిలో ఉంటుంది అనుకుంది. చార్టు వేసిన మొదటి రోజు నుంచీ ఆదివారం పన్నెండు దాకా గడి ఖాళీగా వదిలేసింది. ఎవరినీ అడగలేదు. అడగాల్సిన సంగతని తోచలేదు. పిల్లలు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి చర్చికి వెళ్తారనుకుంది.

"అది రూల్ కాదండీ. నేనే అలా వేశాను. పిల్లలు చర్చికి వెళ్లాలి కదా అని" అంది తలెత్తే.

ముందు మార్లీన్‌కు నవ్వొచ్చింది. "మిస్ విమలా, నా పిల్లలు చర్చికి వెళ్లడం నేను చూళ్లేదు. ఆదివారం పది దాకా నిద్ర, లేచాక పాన్‌కేకులు. నువ్వంటే వాళ్లకు అందుకే అంత ఇష్టం."

విమలకు ముఖం వేడెక్కింది. ఏడేళ్ల హోటల్ బిల్లులు కళ్ల ముందు కదిలాయి. ప్రూయిట్ కూడా వాటినే తలుచుకుంటున్నాడని ముఖమే చెబుతోంది. ఉద్యోగం ఈపూటతో సరి అనుకుంది. సిగ్గుపడింది కానీ భయపడలేదు. తప్పు చేశాను, దొంగతనం చేయలేదు అనుకుంది.

అయితే టీవీ ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. చార్టు ముందుకు ఇంకో అడుగు వేసింది. శనివారమంతా టీవీ ఫుట్‌బాల్‌కే పోతుందట. ఆదివారం పదకొండుకు వాళ్ల ఛానల్‌లో చూపించడానికి ఏమీ లేక పాత ఆటలే మళ్లీ వేస్తున్నారట. మిగతా కాలేజీల అమ్మాయిలు ఆ వేళకు ఆకాశంలో ఉంటారు. ఈ కాలేజీవాళ్లు ఒక్కరే నిద్రపోయి, తిని, ఆట ఆడే ఊళ్లోనే ఉంటున్నారు.

"శనివారం మ్యాచ్‌ని ఆదివారం పదకొండుకు మార్చండి. సీజన్‌లో ఏడు వారాలు. ఏడూ లైవ్ ఇస్తాం. ఛానల్‌లో కనిపించే జట్టును ఏ కాలేజీ ఎత్తేయదు" అంది.

"ఒంటిగంటకు పెట్టుకోవచ్చుగా?" విమల అడిగింది.

"ఒంటిగంటకు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఉంటుంది. మమ్మల్ని మా అమ్మ కూడా చూడదు. పదకొండు, లేదంటే లేదు."

విమల పది నిమిషాలు అడిగి పార్కింగ్ లాట్‌లోకి వచ్చింది. ఎండ నెత్తి మాడ్చేస్తోంది. జట్టు రోడ్డు మీద ఉంటే ఆమె ఫోన్ చేతిలో ఉండాలి. ఆదివారం టీవీ ఆటంటే బస్సులు, విమానం, కెమెరాల వాళ్లు, అన్నీ ఒక్కసారే. ఆమే స్వయంగా వెంట వెళ్లాలి. అంటే ఏడు ఆదివారాలు ఆరాధన లేదు. పురిటికి తప్ప ఆమె ఆరాధన మానింది లేదు. ఫ్రిస్కో పక్కనే ప్లేనోలో వాళ్ల తెలుగు క్రైస్తవ సంఘంలో కీర్తన ఎత్తుకునేది కూడా ఆమే. ఆమె ఎత్తుకుంటే అరవై గొంతులు అందుకుంటాయి. షాలేం రాజుకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది.

"నన్నడుగుతావేంటి విమలా? నువ్వు డిసైడ్ అయిపోయే ఫోన్ చేస్తావు" అన్నాడు.

"డిసైడ్ అవలేదండీ. మనసు ఒప్పుకోవట్లేదు. పాస్టరుగారు ఏమంటారో!"

"పాస్టరుగారి సంగతి తర్వాత. మీ నాన్నగారు ఆదివారం బస్సులు ఆపేవారా?"

ఆపేవాడు కాదు. సంఘ పెద్ద అయి ఉండీ ఆదివారం తెల్లవారి నాలుగింటికే డిపోలో ఉండేవాడు. అదేంటని అమ్మ అడిగితే, "బస్సు రాకపోతే పల్లెల వాళ్లు గుడికి ఎలా వస్తారే?" అనేవాడు. చాలా ఆదివారాలు ఆయన ఆరాధనకు అందుకోలేదు. అందుకోలేనందుకు బాధపడేవాడు. బస్సు మాత్రం ఆపలేదు.

విమల కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. కూర్చోకుండానే మాట్లాడింది.

"పదకొండుకు మా పిల్లలు ఆడతారు. కానీ మిస్టర్ ప్రూయిట్, వాలీబాల్ ఐదేళ్ల దాకా ఎత్తేయబోమని కాగితం మీద రాసివ్వండి. నోటిమాట వద్దు. ఇంకొకటి, ఈ టీవీ మనిషి ఇక్కడుండగానే సంతకం పెట్టండి."

ప్రూయిట్ ఇటు చూశాడు, అటు చూశాడు. పైవాళ్లతో మాట్లాడాలన్నాడు. "మాట్లాడండి. మేం ఇక్కడే ఉంటాం" అని కుర్చీ లాక్కుని కూర్చుంది. మార్లీన్ పక్కన కూర్చుంది. టీవీ ఆవిడకు విమానం వేళవుతోంది. అయినా ఆవిడా కూర్చుంది. అరగంటకు సంతకమైంది.

పాస్టర్ దైవాశీర్వాదంగారికి ఆ శనివారం ఇంటికి వెళ్లి చెప్పింది. "సంతోషంగా వెళ్లమని చెప్పలేనమ్మా. వద్దని కూడా చెప్పలేను" అన్నాడు. ఆ మాట ఆమెను నెలరోజులు కుదిపింది. ఆయన తిట్టి ఉంటే సులువుగా ఉండేది.

మరుసటి ఏడాది సెప్టెంబరులో మొదటి ఆట వచ్చింది. ఇండియానాలో ఒక చిన్న ఊరు. విమల పిల్లల్ని ఏడున్నరకే లేపింది. పాన్‌కేకులు హోటల్‌కే తెప్పించింది. హాలు నిండలేదు కానీ కెమెరాలు నాలుగున్నాయి. అక్కడ పదకొండయితే టెక్సాస్‌లో పది. ప్లేనోలో ఆరాధన మొదలయ్యే వేళ. ఈల వేశారు. షెల్బీ బంతి పైకెగరేసింది. కోర్టు పక్కన నిలబడ్డ విమలకు దాని మీద చూపు నిలవలేదు. అక్కడ సంఘంలో అరవైమంది లేచి నిలబడి, కీర్తన ఎవరో ఒకరు ఎత్తుకుంటారని ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉంటారు.

మొదటి సెట్ ఓడారు. రెండో సెట్ మధ్యలో ఫోన్ మోగింది. షాలేం రాజు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఆయన నోట ఆమె ఒక పాట విన్నది లేదు.

"విమలా, లోపల పాస్టరుగారు మెసేజ్ చెబుతున్నారు, బయటికొచ్చి మాట్లాడుతున్నా. కీర్తన నేనే ఎత్తాను."

"మీరా?"

"ఎవరూ ఎత్తట్లేదు మరి. ఎక్కువ శ్రుతిలో పట్టుకున్నా. రెండో చరణానికి గొంతు పోయింది."

"అయ్యో! ఏం చేశారండీ మరి?"

"నేనేం చేయలేదు. ఆగిపోయా. అందరూ అందుకుని చివరిదాకా పాడేశారు."

ఆమెకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఫోన్ చెవిన అలాగే పట్టుకుని, కెమెరా తన వైపు తిరిగిందన్న ధ్యాస కూడా లేకుండా, షెల్బీ పేరు పెట్టి గట్టిగా అరిచింది.