దుబాయిలో లేని సత్యభామ

కె.ఆర్.పురంలో మా ఇంటి వెనక గదిలో అద్దెకుండే నర్సమ్మ మారతహళ్ళిలో ఒక పీజీ హాస్టల్లో వంట చేస్తుంది. తెల్లారకముందే బస్సెక్కి పోయి, ఆఫీసు పిల్లలకు ఇడ్లీలు పెట్టి, చట్నీకి వాళ్లు పెట్టే వంకలన్నీ విని తిరిగొస్తుంది. ఈ లోకంలో ఆమెకున్నది ఒక్క చెల్లెలు, సత్యభామ. మొగుడు వదిలేశాక ఇళ్లలో పనికని సత్యభామ దుబాయికి పోయింది.

దుబాయి అని మేమందరం అన్నాం. మా వీధిలో గల్ఫుకు ఎవరు పోయినా దుబాయే. కువైట్ పోయినవాడూ దుబాయే, మస్కట్ పోయినవాడూ దుబాయే. ఏజెంటు కూడా ఆ పేరే చెప్పాడు. అక్కడ దిగాక సత్యభామ ఊరు పేరు సలాలా అంటే, మనకు మారతహళ్ళి ఉన్నట్టు దుబాయికి అదొక పేట కాబోలనుకుంది నర్సమ్మ.

సత్యభామ మాటలు ఫోనులో రికార్డయి వచ్చేవి. "అక్కా, ఈడ సన్న జల్లు పడతా ఉండాది. కొండలంతా పచ్చగుండాయి. దారెంట టెంకాయ చెట్లు, అరిటి తోటలు. అంతా మన పక్క మాదిరే."

వీధి చివర కూరగాయలమ్మే బసవరాజు అది విని నవ్వాడు. "దుబాయిలో వానా, టెంకాయ చెట్లా? మీ చెల్లి రీలు వదలతా ఉండాది నర్సమ్మా, అన్నీ కోతలే!"

"నువ్వు ముందు టమోటాలు సరిగ్గా తూచప్పా. మా చెల్లి సంగతి నీకేల?"

పోయిన వానాకాలం చివర్లో కామెర్లు వచ్చాయని చెప్పింది సత్యభామ. ఆ తర్వాత మాట లేదు.

నర్సమ్మ మెట్లెక్కని ఆఫీసు లేదు. నేనూ వెంట పోయాను. ఎక్కడుంది అని అడిగిన ప్రతిచోటా దుబాయి అనే చెప్పాం, అర్జీలో దుబాయనే రాశారు. ఒక ఆఫీసరు కళ్లద్దాలు పైకి తోసి, "మిడిల్ ఈస్టులో ఇలాంటివి మామూలేనమ్మా" అన్నాడు. మనకు పడమట సముద్రం అవతల ఉన్నది తూర్పెట్లయింది సామీ అని అడిగాను. బయట కూర్చోమన్నాడు. నా చదువు మూడో తరగతితో ఆగినా, సూర్యుడు ఏ పక్క మునుగుతాడో నాకు తెలుసు.

దుబాయిలోని తెలుగువాళ్లు, పాపం, ఆస్పత్రులూ జైళ్లూ వెతికారు. ఆ పేరుగల మనిషి ఇక్కడ లేదన్నారు. దాంతో మా వీధికి నోరు లేచింది. ఎవడితోనో పోయుంటుందన్నారు. నర్సమ్మ కుళాయి దగ్గరకు రావడం మానుకుంది.

శివరాత్రి ముందర మా పై గదిలోకి దేవదానం అద్దెకొచ్చాడు. కడప పక్కవాడు, గల్ఫులో డ్రైవరుగా చేసి వచ్చినవాడు. దొరికినవాళ్లందరికీ వినిపించినట్టే చెల్లెలి మాటలు అతనికీ వినిపించింది నర్సమ్మ. అతను ఇంకోసారి పెట్టమని విని, ఊరి పేరేమని అడిగాడు. సలాలా అంది నర్సమ్మ.

"అక్కా, ఇది దుబాయి కాదు. సలాలా ఒమాన్ దేశంలో ఉండాది. వానాకాలంలో ఆడ అట్లే ఉంటాది. దుబాయి నుంచి పగలంతా బండి తోలినా చేరలేం."

"అయితే మా చెల్లి అబద్ధం చెప్పలేదు గదప్పా!" నర్సమ్మ మొహంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. "ఆడే ఉంటాది. అడుగప్పా, ఇప్పుడే అడుగు."

దేవదానం అక్కడి స్నేహితులకు ఫోన్లు చేశాడు. సత్యభామ ఆ కామెర్లతోనే ఆస్పత్రిలో పోయిందట. పాస్‌పోర్టులో ఏజెంటు రాయించిన అడ్రసు ఎప్పుడో కూల్చేసిన ఇంటిది. సొంతవాళ్లు ఎవరైనా వస్తారేమోనని శవాన్ని నెలల తరబడి ఉంచారట. మేము దుబాయంతా వెతికిస్తున్నన్నాళ్లూ ఆమె అక్కడ చల్లటి గదిలో పడుంది. చివరికి వాళ్లే పూడ్చిపెట్టారు.

నర్సమ్మ ఏడవలేదు. "దాన్ని పెట్టిన చోటు చూపించప్పా" అంది.

దేవదానం స్నేహితుడు పోయి ఫోటో తీసి పంపాడు. వరసలుగా మట్టి దిబ్బలు, తలాపున తలా ఒక రాయి. ఏ రాతి మీదా పేరు లేదు.

"ఇందులో మా చెల్లిది ఏది?"

దేవదానం తల దించుకున్నాడు. "వెనక వరసలో, గోడ పక్క యాడో ఉండాదంట అక్కా."

నర్సమ్మ రెండు వేళ్లతో ఫోటోను పెద్దది చేసింది. పెద్దయ్యేకొద్దీ దిబ్బలన్నీ మసకబారిపోయాయి.

"యాడో అంటే యాడప్పా?" అంది. "గోడకు ఈ పక్కనా, ఆ పక్కనా? సరిగ్గా కనుక్కో."