వైపర్లకు తలంటు

కారును కాలువలోకి దించినవాళ్లు ఉంటారు, చెట్టుకు కొట్టినవాళ్లు ఉంటారు. దీపావళి పూట అత్తమామల కళ్లముందు కారుకు తలంటు పోసిన అల్లుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అనుకుంటాను. ఎలా జరిగిందో చెబుతాను. మీరు నవ్వినా నాకు అభ్యంతరం లేదు. ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది నా భార్యే.

అరవైల మొదట్లో మాట. ముత్తుకూరులో మా మామగారికి ఒక నల్ల కారు ఉండేది. దాని తాళం చెవి ఆయన మొలతాడుకు వేలాడేది. కారు నడపడం నాకూ వచ్చు. కానీ నా పెళ్లయి మూడేళ్లయినా ఆ చెవి నా చేతికి రాలేదు. నా తర్వాత వచ్చిన తోడల్లుడు వేణుకు మాత్రం పెళ్లయిన నెలకే వచ్చింది. వేణుది మద్రాసులో ఉద్యోగం. తెల్లప్యాంటుతో కారు కిందికి దూరి, తెల్లప్యాంటుతోనే బయటికి వచ్చేవాడు. అలాంటి మనిషిని ఎవరు భరిస్తారు, మీరే చెప్పండి.

ఆ ఏడు వాడి తొలి దీపావళి. పండగ ముందురోజు దిగుతూనే సంచిలోంచి కొత్త వైపరు బ్లేడ్లు తీశాడు. మా వైపు ఉప్పుగాలికి ఏ రబ్బరైనా ఎండుచేపలా బిగుసుకుపోతుంది. పాతవి ఊడదీసి కొత్తవి బిగించేసరికి వాడి కాఫీ కూడా చల్లారలేదు.

"ఆ చేతిలో పనితనం చూడండే!" అని మా అత్త మురిసిపోయింది. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు కాఫీ తాగు నాయనా" అంది.

అప్పుడు దేవుడు నా మొర విన్నాడు. మీట నొక్కగానే కొత్త వైపర్లు కీచుమన్నాయి. అంత మధురమైన ధ్వని నేను అంతకుముందు వినలేదు.

"ఏందబ్బాయా ఆ కూత?" అన్నాడు మామ.

"పొడి అద్దం గదా మామా. వాన పడితే అదే పోతది" అన్నాడు వేణు.

"వాన దాకా ఎందుకు?" అని నేను కల్పించుకున్నాను. "ఎద్దుబండి ఇట్టా అరిస్తే ఇరుసుకు ఏం పెట్టాల్నో మా ఊళ్లో పసిబిడ్డకు గూడా తెలుసు. ఈ కూత నేను మాన్పిస్తా మామా. మాన్పిస్తే రేపు నెల్లూరికి కారు నేనే తోల్తా."

మామ మొలతాడు తడుముకున్నాడు. "మాన్పించు, చూద్దాం."

మర్నాడు తెల్లవారుజామున అల్లుళ్లకు తలంట్లు. తలకు ఆముదం తప్ప మా అత్త మరోటి ఒప్పుకునేది కాదు. తొలి పండగ గనక ముందు వేణుకు, తర్వాత నాకు. నా స్నానం కాగానే మిగిలిన ఆముదం గిన్నెతో కారు దగ్గరికి నడిచాను. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షమంటారు. ఏ విద్యా రాని నాకు ఆ రోజు ఆముదమే మహావిద్య. చంటిబిడ్డ మాడుకు పెట్టినట్టు రెండు రబ్బర్లకూ ఒత్తి ఒత్తి పెట్టాను.

మామను పిలిచి మీట నొక్కాను. వైపర్లు పిల్లి నడిచినట్టు తిరిగాయి. తాళం చెవి నా అరచేతిలో పడింది. ఆయన మొల వెచ్చదనం ఇంకా దానికి ఉంది.

"అన్నా, అద్దం ఏందో మెరుస్తా ఉండాదే" అన్నాడు వేణు.

"ఓర్వలేనితనం మంచిది గాదు వేణూ" అన్నాను.

మామ నా పక్కన కూర్చున్నాడు. వెనక అత్త, నా భార్య కామాక్షి, ఆమె చెల్లెలు. తలుపు పక్కన ఇరుక్కుని వేణు. నెల్లూరులో కామాక్షి అమ్మమ్మ ఇంట్లో మధ్యాహ్నం భోజనం. ఊరు దాటామో లేదో వాన దిగింది. నేను రాజసంగా మీట నొక్కాను.

వైపరు ఒకసారి తిరగ్గానే రోడ్డు పోయింది. రెండోసారికి కారు ముక్కు కూడా పోయింది. అద్దమంతా పలచని మజ్జిగ.

"ఆపు!" అన్నాడు మామ.

"ఇంకో రెండుసార్లు తిరిగితే సర్దుకుంటది మామా."

"ఇంకో రెండుసార్లు తిరిగితే వరి పైర్లో ఉంటాం!"

అప్పటికే ఎడమ చక్రం పైర్లో ఉంది. కారు ఆగింది. వైపర్లు మాత్రం చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉన్నాయి. ఆ సంగతి నేను గుర్తు చేశాను. ఎవరూ మెచ్చుకోలేదు.

వేణు దిగి అద్దం మీద వేలు పెట్టి వాసన చూశాడు. తర్వాత తన తల తడిమి, ఆ వేలూ వాసన చూశాడు.

"అన్నా, పొద్దున మనకు పెట్టిందేనా ఇది?"

ఆముదం తాగిన ముఖం అంటారే, అది ఎలా ఉంటుందో ఆ క్షణంలో కారులోని వాళ్లందరూ చూశారు. ముందు కామాక్షి నవ్వింది. తర్వాత ఎవరు ఆగారు గనక?

నా కొత్త కండువాతో తుడిచాను. మజ్జిగ కాస్తా పెరుగైంది.

"గుడ్డకు జిడ్డు పోతదా నాయనా?" అంది అత్త. "కుంకుడు రసం పొయ్యాల."

పండగ పూట కుంకుడు రసం లేని ఇల్లు ఉండదు. కామాక్షి వానలోనే పక్కనున్న ఇంటికి పరుగెత్తింది. ఆ ఇంటావిడ తాటాకు గొడుగు కింద చెంబు పట్టుకుని స్వయంగా వచ్చింది.

"ఏం అక్కా, కారుకు గూడా తలంటా?"

"మా పెద్దల్లుడి ముచ్చటమ్మా" అంది అత్త.

"అయితే ఉండండి, హారతి పళ్లెం గూడా తెస్తా!"

రోడ్డు మీద, వానలో, అద్దానికీ వైపర్లకూ తలంటు పోశాను. నురగ నా కళ్లల్లోకే పోయింది. అద్దం తళతళలాడింది. నేనూ వేణూ తోస్తే చక్రం రోడ్డెక్కింది. మామ చెయ్యి చాపాడు. తాళం చెవి ఆ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని వేణుకిచ్చాడు.

"వద్దు మామా" అన్నాడు వేణు. "తలంటు పోసిన చెయ్యే తోలాల. అన్నే తోల్తాడు." చెవి తెచ్చి నా చేతిలో పెట్టి, బురద కాళ్లతో వెళ్లి వెనక ఇరుక్కున్నాడు. అప్పుడు చూశాను, తెల్లప్యాంటు మోకాళ్ల దాకా బురద.

నెల్లూరు దాకా నేనే నడిపాను. ఆ దారంతా నాకు ఒకటే బాధ. వాడికి గర్వమని అప్పటిదాకా నాకో ఊరట ఉండేది. అదీ పోయింది.

మొన్న వేణు పెద్దకర్మ రోజున ఈ కథ చెప్పమని నన్ను అడిగారు. చెప్పాను. అందరూ కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. చివరికి, "ఎంత మంచివాడండీ వేణు!" అన్నారు. ఆముదం నాది, పేరు వాడిది.

కాబట్టి కుంకుడుకాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. వైపరు ఎంత కూసినా ఇక ఆముదం గిన్నె ముట్టను. వేణును చూసి కుళ్లుకోవడం మానేస్తానని మాత్రం ప్రమాణం చేయలేను. పెద్దవాణ్ణి నేనుండగా, అక్కడికి కూడా వాడే ముందు పోయాడు.