వంతెన దగ్గర ఉండమన్న పిల్ల

మొన్న ఆదివారం మా అమ్మాయి ఫోనులో ఏదో ఆట ఆడుతూ, తలెత్తకుండానే, "నాన్నా, ఈవిణ్ని కూడా తీసుకెళ్లిపోనా, ఇక్కడే ఉండమననా?" అని అడిగింది. తెర మీద కత్తి పట్టుకున్న వీరుడొకడు, వాడి వెనక విల్లు పట్టుకున్న ఆడమనిషొకతె. నేను టీ కప్పు కింద పెట్టి, "ఉండమని మాత్రం చెప్పకు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఎందుకని తను అడగలేదు, నేను చెప్పలేదు. చెప్పాలంటే మా మేనత్త ఇంటి ముందుగదిలోంచి మొదలుపెట్టాలి. అది ఒక్క టీతో తేలే వ్యవహారం కాదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నర్సీపట్నంలో, డిగ్రీ మూడేళ్లూ చదివేసి ఒక్క సబ్జెక్టు దగ్గర ఆగిపోయి ఉన్నాను. నేను పాసవలేదు గాని టైము మాత్రం బ్రహ్మాండంగా పాసవుతుండేది. మా చర్చి స్త్రీల సమాజానికి ఎవరో పాత కంప్యూటరొకటి దానం చేశారు. హాల్లో పెడితే ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయని దాన్ని సమాజం కార్యదర్శి అయిన మేనత్త ఇంటికి చేర్చారు. అలా అసలు ఎలుకల బారి నుంచి తప్పించుకున్న ప్లాస్టిక్ ఎలుక నా చేతికి చిక్కింది. ఆదివారం పాడాల్సిన పాటల నంబర్లూ, సమాజం మీటింగుల మినిట్సూ టైపు చెయ్యడం నా ఉద్యోగం. జీతం, అత్త చేతి జీడిపప్పు ఉప్మా.

మిగతా పొద్దంతా ఆట ఆడేవాణ్ని. కంప్యూటర్ సెంటర్లో పనిచేసే నా స్నేహితుడొకడు ఇచ్చిన సీడీ అది. మంత్రగాళ్లు, రాక్షసులు, శాపం తగిలిన కోటలు. గేటు చప్పుడైతే చాలు, రాక్షసుణ్ని కిందకి దించి కీర్తనల పట్టిక పైకి తెచ్చేవాణ్ని. పాస్టరుగారు నా భక్తిని రెండుసార్లు మెచ్చుకున్నారు కూడా.

ఆ ఆటలో మన వీరుడి వెనక నాలుగడుగుల దూరంలో ఒక అమ్మాయి నడుస్తూ ఉంటుంది. తలకి తెల్లగుడ్డ, భుజాన సంచీ. వీరుడికి గాయమైతే దగ్గరికొచ్చి చెయ్యి పెడుతుంది, గాయం మానుతుంది. మళ్లీ నాలుగడుగులు వెనక్కి వెళ్లిపోతుంది. ఒక మధ్యాహ్నం అత్త వెల్లుల్లి వొలుచుకుంటూ వచ్చి నా కుర్చీ వెనక నిలబడింది.

"ఎవుర్రా ఆ పిల్ల, నీ ఎనకాల?"

"వైద్యం చేస్తాది అత్తా. నాకు దెబ్బ తగిలితే నయం చేసేస్తాది."

"మరి దానికి తగిలితే?"

ఆ ప్రశ్న ఆట తయారుచేసినవాళ్లకు కూడా తట్టినట్టు లేదు. మర్నాటి నుంచి అత్త తన కుర్చీ నా పక్కకి జరుపుకుంది. ముప్ఫై ఏళ్లకు పైగా మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆమెకు సేవ తెలుసు, నాకు సేవ్ తెలుసు. ఇద్దరం కలిసి ఆ పిల్లని వారం రోజులు కంటికి రెప్పలా చూసుకున్నాం. నేను కత్తి తిప్పుతుంటే అత్త చూపు మాత్రం వెనకున్న తెల్లగుడ్డ మీదే ఉండేది. "నడక మందగించింది, కాసేపు ఆపరా" అంటే ఆపేవాణ్ని.

అలా ఒక రాతివంతెన దగ్గరికి వచ్చాం. ఆవల కోట. అక్కడ ఆ పిల్లని ఏం చెయ్యాలో మనమే తేల్చాలి. స్నేహితుడు ముందే చెప్పాడు, మూడు దారులున్నాయని. వెంట తీసుకెళితే కోటగుమ్మంలో బాణం తగిలి చచ్చిపోతుంది. ఇంటికి పొమ్మంటే దారిలో మంత్రగాడికి చిక్కి, చివర్లో మన మీదికే వస్తుంది, మన చేత్తోనే చంపాలి. ఇక్కడే ఉండమంటే ఉండిపోతుంది; ఆ తర్వాత ఆమె ఊసు ఆటలో ఎక్కడా రాదు. ఇందులో చావు లేనిది మూడోదే కదా అని నేను దాన్నే నొక్కాను. ఆ పిల్ల తల ఊపి వంతెన మొదట్లో నిలబడింది. మా వీరుడు ఒక్కడూ అవతలికి వెళ్లి కోటలో దూరాడు. వెనక పెద్ద తలుపు మూసుకుంది.

అత్త వెల్లుల్లి చేట పక్కన పెట్టేసింది. "దాన్ని ఎవరొచ్చి రిలీవ్ సేస్తారు?" అని అడిగింది. ఎవరూ రారని చెప్పాను. అత్త నా వైపు కాకుండా తెర వైపే చూస్తూ చెప్పుకొచ్చింది. అత్త ఉద్యోగంలో చేరిన కొత్తలో, చింతపల్లి ఘాటు పైన ఎక్కడో జ్వరాల క్యాంపు పెట్టారట. తనూ, తన స్నేహితురాలూ పదేసి రోజులు వంతులు. నర్సుల పద్ధతేమిటంటే, వంతుకి వచ్చినామెకు ఒక్కొక్క మంచం దగ్గరా నిలబడి రోగుల్ని ఒప్పజెప్పాలి. వచ్చినామె "తీసుకున్నాను" అని పైకి అనాలి. ఆ మాట పడేదాకా మొదటామె కదలకూడదు. అత్త వంతు వచ్చినప్పుడు రోలుగుంటలో చుట్టాల పెళ్లి. రెండు రోజులు ఉండిపోయింది. కొండ మీద స్నేహితురాలికే జ్వరం తగిలింది. కిందికి వచ్చే జీపు ఎక్కమంటే, రిలీవరు రాకుండా రానందట. అత్త వెళ్లేసరికి ఆమె పోయి, మట్టిచేసి ఒక పూటయింది. బల్ల మీద రిపోర్టు పుస్తకం ఉంది. రోగులందరి వివరాలూ రాసి, చివరి వరసలో "రిలీవర్ రాలేదు" అని రాసి ఉంది.

"నాకు ఒప్పజెప్పడానికి మనిషి నేదురా" అంది అత్త. "ఎనక్కి తిప్పు. దాని దగ్గరికి ఎల్లాలి."

వెనక్కి వెళితే ఏమీ రాదనీ, ఆట అయిపోదనీ చెప్పబోయి మానేశాను. కోటలో ఒక పక్క సొరంగం ఉంది. కొండల్ని చుట్టి, మేము దాటొచ్చిన ఊళ్ల మీదుగా ఆ వంతెన దగ్గరే తేలుతుంది. ఎవరూ వాడని దారి. నాలుగు మధ్యాహ్నాలు నడిచాం. వెళ్లేటప్పుడు సందడిగా ఉన్న ఊళ్లలో ఇప్పుడొక్క మనిషి లేడు. సంగీతం ఆగిపోయింది. మా వీరుడి అడుగుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు ఒక్క మనిషి అడుగులకన్నా ఎక్కువున్నట్టు నాకనిపించేది గాని, అత్తకు చెప్పలేదు. బయట ముసురు. మధ్యాహ్నమే గది చీకటిపడి, తెర వెలుగులో అత్త ముఖం నీలంగా కనబడేది.

నాలుగో రోజు వంతెన వచ్చింది. ఆ పిల్ల నిలబెట్టినచోటే ఉంది, మేము వెళ్లిన కోట వైపు చూస్తూ. నేను దగ్గరికెళ్లి నొక్కాను. ఎప్పుడూ వచ్చే మాటల పెట్టె వచ్చింది. అందులో ఇంగ్లీషులో ఒకే వాక్యం ఉంది: ఆలస్యంగా వచ్చావు. మామూలుగా దాని కింద మనం చెప్పాల్సిన జవాబులు వరసగా ఉంటాయి. ఆ రోజు ఏమీ లేవు. ఎన్నిసార్లు నొక్కినా పెట్టె పోలేదు, బాణం గుర్తు కదల్లేదు. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

అత్త లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"అవును, లేటయ్యింది. తప్పు నాదే" అంది, మెల్లగా, ఎదుటి మనిషితో మాట్లాడినట్టే. "పేసెంట్లని నాకొదిలీసి నువ్వు దిగిపో. జొరం ఎక్కువగా ఉంది నీకు. బేగి ఎల్లు." ఒక క్షణం ఆగి, "తీసుకున్నాను" అంది.

పెట్టె మూసుకుంది. నా రెండు చేతులూ నా ఒళ్లోనే ఉన్నాయి. ఆ పిల్ల భుజాన్నించి సంచీ తీసి వంతెన గట్టు మీద పెట్టి, వెనుదిరిగి, కొండవాలు దారిలో దిగుతూ తెర అంచు దాటి వెళ్లిపోయింది. తర్వాత కరెంటు పోయింది. మా ఊళ్లో ముసురు పడితే అది మామూలే గనక దానికి నేనేమీ అర్థం కట్టను.

స్నేహితుణ్ని అడిగితే, అలాంటిదేదీ ఆటలో లేదన్నాడు, సీడీ గీతలు పడుంటుందన్నాడు. నేనొక్కణ్నీ ఒకరోజు పాత సేవ్ నుంచి మొదలుపెట్టి, ఉండమని చెప్పి, చుట్టూ తిరిగి మళ్లీ వెళ్లాను. వంతెన దగ్గర ఎవరూ లేరు. గట్టు మీద సంచీ ఉంది. ఆ సాయంత్రమే సీడీ తిరిగిచ్చేశాను. ధైర్యంలో కూడా నాది సప్లిమెంటరీ బాపతే.

అత్త మళ్లీ ఆట అడగలేదు. ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. ఆ ఆరేళ్లూ మధ్యాహ్నం భోజనమవగానే పడుకునేది. పగలు కన్నుమూసి ఎరగని మనిషి, హాయిగా, నోరు కొంచెం తెరిచి, చిన్నపిల్లలా. ఇప్పుడు నాకూ నలభై అయిదు దాటాయి. వెళ్లాల్సిన చోట్లు కొన్ని మిగిలిపోయి, ఇంతకాలమయ్యాక ఏ ముఖం పెట్టుకుని వెళ్లడం అని ఆగిపోతుంటాను. అత్త ముప్ఫై ఎనిమిదేళ్లు ఆలస్యంగా వెళ్లింది. అంతకాలమూ అవతలి మనిషికి రెండు రోజుల్లాగే గడిచి ఉంటుందని ఈమధ్య నాకు అనిపిస్తోంది.