పెద్దబాపు తోమిన తుప్పు

మొన్న ఒక పెళ్లికని నిజామాబాద్‌లో బోధన్ బస్సెక్కాను. ఊరు ఇంకా రాకముందే కండక్టరమ్మ "స్టూడియో గేటు దిగేటోళ్లు ముందలికి రావాలె" అని కేకేసింది. కిటికీలోంచి చూద్దును కదా, అది మా చక్కెర ఫ్యాక్టరీ గేటు. మా చిన్నప్పుడు ఆ స్టేజీ పేరు చెప్పి ఎవరూ అరవాల్సిన పని ఉండేది కాదు. చెరుకు మడ్డి, అదే మొలాసిస్, వాసన ముక్కుకు తగలగానే నిద్రపోయేవాళ్లు కూడా లేచి సంచులు సర్దుకునేవారు. ఇప్పుడు అక్కడ ఏ వాసనా లేదు. నున్నటి గోడ, గోడ మీద నల్ల కళ్లద్దాల హీరో, గేటు దగ్గర నీలం చొక్కాల సెక్యూరిటీ వాళ్లు. ఆ తర్వాత పెళ్లిలో ఏం తిన్నానో నాకు గుర్తు లేదు. పెళ్లివారు ఏమీ అనుకోవద్దు, బగారన్నం బాగుందనే అందరూ అన్నారు. నాకు మాత్రం చేయి కడుక్కునేదాకా పెద్దబాపే కళ్లల్లో మెదిలాడు.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. మా నాన్న నా చిన్నతనంలోనే పోతే నన్ను ఆ ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో తన పిల్లలతో పాటు పెంచినవాడు. ఫ్యాక్టరీకి ఆనుకుని పెద్ద చెరువొకటి ఉండేది. అది పంటల కోసం తవ్విన చెరువు కాదు, మిషన్లకు నీళ్ల కోసం ఫ్యాక్టరీవాళ్లే కట్టించింది. వేడినీళ్లు ఒక తూము నుంచి అందులోకి వచ్చి పడేవి. చలికాలం పొద్దున చెరువంతా పొగలు కక్కుతుంటే క్వార్టర్స్ ఆడవాళ్లు బట్టల మూటలతో ఆ తూము దగ్గరికే చేరేవారు. సబ్బు సగమే అరుగుతుందని మా పెద్దమ్మ గొప్పగా చెప్పేది. నిజామాబాద్ నుంచి వచ్చిన చుట్టాలకు ఆ వేడినీళ్లు చూపించడం మాకు చార్మినార్ చూపించినంత పని.

పెద్దబాపు పాన్ దగ్గర పనిచేసేవాడు. తమలపాకుతో సంబంధం లేని పాన్ ఇది. చెరుకు పాకం ఉడికి చక్కెరగా మారే ఇనుప పాత్ర, రెండంతస్తుల ఇల్లంత ఎత్తు. దాని పొట్టకు ఇత్తడి చుట్టు వేసిన గుండ్రటి అద్దాలుండేవి. పెద్దబాపు ఒక కడ్డీతో చుక్క పాకం బయటికి తీసి, గాజు పలక మీద రాసి, వెలుతురుకు పట్టి చూసేవాడు. గింజ కట్టిందా లేదా అన్నది ఆ చూపుతో తేలాలి. ఆ నిమిషంలో ఇంజనీరైనా సరే పక్కన నిలబడి నోరు మూసుకోవాల్సిందే. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియని మనిషికి అక్కడ అంత మర్యాద ఉండేదంటే మా పెద్దమ్మకు చివరిదాకా నమ్మకం కుదరలేదు.

దీపావళి దాటగానే చెరుకు ఆడే క్రషింగ్ సీజన్. సీజన్‌కు ముందు పాన్ తోమడం ఒక పండుగ. వైరు బ్రష్షుతో తుప్పు గీకి, ఎమిరీ పేపరుతో రుద్ది, ఇత్తడి చుట్లకు చింతపండు పట్టించి, పైన వెండి రంగు వేసి, పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టేవారు. చెప్పులతో ఆ మెట్లెక్కితే పెద్దబాపు మేనేజరునైనా కిందికి దింపేవాడు. పాన్ మీద తుప్పు మచ్చ ఉండగా సీజన్ మొదలైతే అది పాన్ చూసే పాన్‌మన్‌కు మొహం మీద ఉమ్మేసినంత అవమానం.

తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది. ఎందుకు, ఎవరివల్ల అన్న మాటలు మా వైపు ఇంటికొక రకంగా చెప్పుకుంటారు, వాటి జోలికి నేను పోను. తోటివాళ్లలో కొందరు బీడీ ఆకు వ్యాపారంలోకి, కొందరు కిరాణం కొట్లలోకి సర్దుకున్నారు. పెద్దబాపు ఎందులోకీ సర్దుకోలేదు. ఇవాళో రేపో పాన్ మళ్లీ ఉడుకుతుందనీ, అప్పుడు తనకోసం మనిషి వస్తాడనీ ఎదురుచూస్తూ కూర్చున్నాడు. చూసి చూసి మా పెద్దమ్మ కూడా పోయింది.

మనిషి వచ్చాడు నిజంగానే, కానీ సినిమావాళ్ల మనిషి. ఫ్యాక్టరీ జాగా, చెరువు గట్టు అంతా కలిపి స్టూడియో కడతారట. చెరువు చుట్టూ రాతిమెట్లు వేస్తే ఏ ఊరి నదీ ఘాట్ కావాలంటే ఆ ఊరి ఘాట్ అవుతుందట, పడవలు కూడా వస్తాయట. అక్కడ మేనేజరుగా కుదిరిన అబ్బాయి వాళ్ల తాత కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరుకు వేసినవాడు, మా ఫ్యాక్టరీకే తోలినవాడు. ఆ అభిమానంతో పెద్దబాపును పిలిపించి, "పాన్ ఇక్కడే ఉంటుందండీ, దాన్ని కదిలించరు. దాని బాగోగులు మీరే చూసుకోవాలి పెద్దాయనా" అన్నాడట. ఆ సాయంత్రం పెద్దబాపు నాకు ఫోన్ చేశాడు.

"బిడ్డా, పాన్ ఉంటదట. నన్నే సూసుకోమన్నరు. దీపావళి అయినంక షూటింగ్ షురూ అయితదట."

దీపావళి తర్వాత అన్న ముక్క ఒక్కటే ఆయనకు చాలు. ఆ తర్వాత ఏం మొదలవుతుందో ఆయన ఒంటికి తెలుసు. నవీపేట్ నుంచి ఒకరిని, జక్రాన్‌పల్లి నుంచి ఒకరిని, మా వాడ నుంచే ఒకరిని, పాతవాళ్లను ముగ్గురిని పోగేశాడు. ఎమిరీ పేపర్లు, వైరు బ్రష్షులు, వెండి రంగు డబ్బాలు కావాలన్నాడు. అన్నీ కొని బస్సులో వేసి పంపింది నేనే. ఎందుకని ఒక్క మాట అడగలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆయన గొంతులో హుషారు విని నాకు సంబరమైంది, అంతే. వాళ్లు పాన్ తోమిన పన్నెండు రోజులూ మేనేజరు హైదరాబాద్‌లో ఉన్నాడు. కాపలావాళ్లు పెద్దాయన పాన్ తనే చూసుకుంటున్నాడు కదా అనుకున్నారు.

సెట్లు వేయించే ఆర్ట్ డైరెక్టరు వచ్చే రోజున పెద్దబాపు నన్నూ రమ్మన్నాడు. మంచి చీర కట్టుకుని పోయాను. పాన్ ధగధగ మెరుస్తోంది. అద్దాల చుట్టూ ఇత్తడి బంగారంలా ఉంది, పొట్ట మీద పసుపు బొట్లు. నలుగురు ముసలివాళ్లు ఇస్త్రీ చొక్కాలతో, వట్టి కాళ్లతో వరుసగా నిలబడ్డారు. ఆ డైరెక్టరు మెట్లెక్కి వచ్చి పాన్ చూశాడు. దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఎవరు చేశారిది?" అన్నాడు.

పెద్దబాపు ఒక అడుగు ముందుకేశాడు. "మేమే సార్. నలుగురం. పన్నెండొద్దులు పట్టింది."

మెచ్చుకుంటాడని నేను కూడా నవ్వుమొహంతో నిలబడ్డాను. ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. మెట్ల మీదే చతికిలబడి, "అంకుల్, ఈ తుప్పు చూసే కదా మేము ఇంత దూరం వచ్చింది. కథంతా పాడుబడ్డ ఫ్యాక్టరీలో జరుగుతుంది" అన్నాడు.

పెద్దబాపుకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆయనకు కోపం రాలేదు, ఎదుటి మనిషి మీద జాలి కలిగింది. దగ్గరికి పోయి, "ఫికర్ జేయకుర్రి సార్. గీ రంగు గీకి నీళ్లు గొడ్తె మల్ల పడ్తది తుప్పు. ఒక్క వానకాలం ఆగుర్రి" అన్నాడు. వాళ్లకు వానాకాలం దాకా ఆగే తీరిక లేదు. రెండు వారాలు చూస్తామన్నారు.

ఆ రెండు వారాలు నేను తలచుకోవడానికి కూడా ఇష్టపడను. పాన్ మీద చెమ్మ పడితే ప్రాణం పోయినట్టు చేసే మనిషి, ఆ చేతులతోనే వెండి రంగు గీకి, పొద్దున మాపు ఉప్పునీళ్లు బకెట్లతో మోసి దాని మీద చల్లాడు. తోటి ముగ్గురూ రెండో రోజే వెళ్లిపోయారు. అక్కడక్కడా ఎర్రటి పొర వచ్చింది గానీ, వాళ్లకు కావలసింది అది కాదు. పదిహేనో రోజున గ్యాస్ కట్టర్లు వచ్చాయి. మేనేజరు అబ్బాయి నా మొహంలోకి చూడలేక, "నేనేం చేయగలనండీ, దీన్ని కోసేసి ఫైబరుతో కొత్తది చేసుకుంటారంట" అన్నాడు. ముక్కలు లారీకి ఎక్కుతుంటే పెద్దబాపు అక్కడే నిలబడి, ఏ ముక్క ఎటు పట్టుకుంటే బరువు తక్కువో కూలీలకు చెప్పాడు. ఆ ఎమిరీ పేపర్లు నేను కొనకపోతే ఆ పాన్ ఇవాళ్టికీ ఉండేది. ఈ మాట ఎన్నిసార్లు అనుకున్నా నా బాధ తగ్గలేదు.

ఫైబరు పాన్ ఆరు రోజుల్లో తయారైంది. తుప్పు ఎక్కడెక్కడ వేయాలో పెయింటరుకు తెలియక పెద్దబాపునే పిలిచారు. పోవద్దన్నాను. పోయాడు. ఆవిరి కారే చోట ముందు పడుతుందని, అద్దాల కింద చారలుగా దిగుతుందని, చేయి ఆనే చోట అసలు పడదని, అంతా ఓపికగా చెప్పాడు. పని అయ్యాక నన్ను తీసుకుపోయి చూపించాడు. వేలితో ఒకసారి కొట్టి చూశాడు. డొల్లగా మోగింది. చేయి వెనక్కి తీసుకుని, "ఎన్నేండ్లది లెక్క కొడ్తున్నది బిడ్డా?" అని అడిగాడు.

"ముప్పై ఏండ్లది లెక్క ఉన్నది పెద్దబాపు" అన్నాను.

తల ఊపాడు. ఆయనకు కూర్చోవడానికని పాన్ పక్కన వేసిన కుర్చీ కెమెరాకు అడ్డం వస్తుందని ఎవరో కుర్రవాళ్లు అప్పటికే తీసి గోడ వారగా పెట్టారు. ఆయన దాని వైపు చూడకుండా మెట్లు దిగాడు. ఆ తర్వాత బతికిన రెండేళ్లలో సీజన్ అన్న మాట ఆయన నోట నేను వినలేదు. పోయిన కాలం కావాలంటే ఆరు రోజుల్లో దాన్ని తయారు చేసుకోవచ్చని నాకు అక్కడే తెలిసింది. ఆ కాలంలో నిజంగా బతికినవాణ్ని ఎక్కడ కూర్చోబెట్టాలో మాత్రం మాలో ఎవరికీ తెలియలేదు.