బార్జి మీద దాచిన నొప్పి

ఆ రోజు ఉదయం పది దాటి ఉంటుంది. నీళ్లలోంచి పైకొచ్చి, మాస్కు తీసి, బార్జి అంచున కూర్చున్నాను. పొట్ట మీద దురద మొదలైంది. ఉప్పునీళ్లకి ఒళ్లు దురద పెట్టడం మాకు మామూలే. గోక్కుంటూనే టీ తాగాను. టీ అయ్యేసరికి నడుం చుట్టూ తాడు వేసి బిగించినట్టు పట్టేసింది. ఏదో తేడాగా ఉందని అప్పుడే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను.

ఎనభైల మొదట్లో సంగతి ఇది. విశాఖ రేవు బయట మునిగిన ఒక సరుకుల ఓడని ముక్కలుగా కోసి పైకి తీసే పని. ఓడ మునిగిన చోటే బార్జికి, అంటే పని సామాను మోసే చదును పడవకి, లంగరు వేసి, మూడు వారాలుగా దాని మీదే తింటూ, దాని మీదే పడుకుంటూ ఉన్నాం. డైవర్లం ఆరుగురం. అందరికంటే పెద్దవాడు వన్‌టౌన్ రహీం భాయ్. ఇరవై ఏళ్లుగా నీళ్లలో దిగుతున్న మనిషి, మాకందరికీ గురువు లాంటివాడు. నేను వర్క్‌షాపులో వెల్డింగ్ చేస్తూ, నీళ్ల కింద కటింగ్ నేర్చుకుని రెండేళ్లయింది. మాది అచ్యుతాపురం దగ్గర పల్లె, వ్యవసాయం. మిగతావాళ్లలో ఇద్దరు ఆ ఏడాదే దిగడం మొదలుపెట్టారు.

లోతు పదిహేను బారలు, అంటే తొంభై అడుగులు. పైకొచ్చేటప్పుడు మధ్యలో తాడు పట్టుకుని ఆగాలి. లోపల ఒంట్లో చేరిన గాలి నెమ్మదిగా బయటికి పోవడానికి అది. ఏ లోతుకి ఎంతసేపు ఆగాలో రాసి ఉండే టేబుల్ ప్రకారం ఆగాను. కానీ ఆ రోజు అలలు ఎక్కువ. తాడు నన్ను పైకీ కిందికీ ఎత్తి పడేస్తూనే ఉంది. అలా ఊగుతూ ఆగితే ఆగినట్టు లెక్క కాదని తర్వాత డాక్టర్ చెప్పాడు.

మరి ఎందుకు చెప్పలేదంటారా? నా తర్వాత కొత్తవాళ్లిద్దరూ దిగాలి. నేను నోరు విప్పితే సూపర్‌వైజర్ పని ఆపేసి, లాంచీలో నన్ను ఒడ్డుకి పంపుతాడు. నిన్నగాక మొన్న వచ్చినవాళ్ల ముందు నడుం నొప్పని ఎలా చెప్పను? రహీం భాయ్ నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయనే అడిగాడు. "ఏటి నాయుడూ, అన్నం కెలుకుతన్నావు?"

"ఏటీ లేదు భాయ్, ఎండ."

"సరే, కాసేపు తొంగో."

పడుకున్నాను. పాదాలు తిమ్మిరెక్కాయి. ఒంటేలు పోసుకోవాలని ఉంది, ఎంత ముక్కినా చుక్క రాలేదు. సాయంత్రం ఐదింటికి లేవబోతే కాళ్లు నావి కావు. డెక్కు మీద బోర్లా పడ్డాను. రహీం భాయ్ పరిగెత్తుకొచ్చాడు.

"ఎప్పట్నుంచి?"

"పొద్దుట్నుంచి."

నన్ను ఎత్తబోయాడు. ఆయన కుడిచెయ్యి పైకి రాలేదు, ఎడమచేత్తో నా నడుం పట్టుకున్నాడు. అది ఆ కంగారులో నేను పట్టించుకోలేదు.

చాంబర్ ఉన్న ఆసుపత్రికి చేరేసరికి ఎనిమిదైంది. డాక్టర్ పిన్నుతో కాళ్ల మీద గుచ్చుకుంటూ పోయాడు. బొడ్డు కింద ఎక్కడా తెలియలేదు.

"డీకంప్రెషన్ సిక్‌నెస్. బెండ్స్ అంటారు మీవాళ్లు. ఒంట్లో గాలి బుడగలై వెన్నులోని స్పైనల్ కార్డ్‌కి తగిలింది. మొదటి సింప్టమ్ ఎన్ని గంటలకి?"

చెప్పాను. వాచీ చూసుకున్నాడు. "పది గంటలు పోగొట్టుకున్నావయ్యా" అన్నాడు. కోప్పడినా బాగుండేది.

చాంబర్ అంటే పడుకోబెట్టిన పెద్ద ఇనుప పీపా. తలుపు బిగించి, ఆ బుడగలు చిన్నవయ్యేలా లోపల గాలి ఒత్తిడి పెంచుతారు. చెవులు పగిలిపోతాయేమో అనిపిస్తుంది, ముక్కు మూసుకుని ఊదుతూ ఉండాలి. లోపల ఒళ్లంతా ఉడికిపోతుంది. ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని గంటల తరబడి. మొదటిసారి బయటికొచ్చాక ఎడమ బొటనవేలు కదిలింది. నా భార్య సత్యవతి అది చూసి ఏడ్చింది. మర్నాటికి ఆ వేలు మళ్లీ కదల్లేదు. అలా తొమ్మిది సార్లు లోపలికి పంపారు. ఆఖరికి డాక్టర్, "చాంబర్ చెయ్యగలిగింది అయిపోయింది. ఇక ఫిజియోథెరపీ, ఓపిక" అన్నాడు.

ఓపిక అనే మాట వినడానికి తేలిక. మూత్రం పోవడానికి ఫోలీ క్యాథెటర్ గొట్టం పెట్టారు. యూరిన్ ఇన్‌ఫెక్షన్ వచ్చి చలిజ్వరం. అది తగ్గేలోపు నడుం కింద బెడ్‌సోర్, కదలకుండా పడుకుంటే పడే పుండు. రెండు గంటలకోసారి నన్ను పక్కకి తిప్పాలి. కంచరపాలెంలో మేముండే ఇంటి నుంచి సత్యవతి రోజూ క్యారేజీ పట్టుకుని సిటీ బస్సులో వచ్చేది, తిప్పేది, తుడిచేది. ఒకరోజు తిప్పడం అయ్యాక స్టూలు మీద కూలబడి, "నాను అలిసిపోనాను మావా" అంది. కళ్లలో నీళ్లు కూడా లేవు. "నేనూ అంతే" అన్నాను. అంతకంటే నిజమైన మాట ఆ మూడు నెలల్లో మేం అనుకోలేదు.

బార్జి పని ముగిశాక రహీం భాయ్ వచ్చాడు. స్టూలు లాక్కుని నా పాదాల దగ్గర కూర్చున్నాడు.

"నానూ దాసినాను నాయుడూ" అన్నాడు. "పదేళ్లయింది. ఈ భుజం నన్ను నిద్దరపోనీదు. మీ ముందు ఒక్కనాడూ అనలేదు. నన్ను సూసే కదా నువ్వు నేర్సుకున్నావు."

నాకు కోపం రావాలి. రాలేదు, అంత శక్తి లేదు. "ముందు డాక్టర్‌కి చూపించు భాయ్" అన్నాను.

ఎక్స్‌రే తీశారు. డాక్టర్ ఫిల్మ్ వెలుతురుకి పెట్టి, "అవాస్క్యులర్ నెక్రోసిస్. రక్తం అందక భుజం ఎముక తల చచ్చిపోయింది. ఇదీ డైవింగ్ వల్లే. ఇక నీళ్లలో దిగకూడదు" అన్నాడు. రహీం భాయ్ తల ఊపాడు. తర్వాత మిగతా నలుగురి ఇళ్లకీ ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, తన చొక్కా విప్పి ఆ చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూపించాడట. వాళ్లలో ఒకడు నాకు చెప్పాడు.

పట్టుకుని నిలబడే జంట కమ్మీలు, పారలల్ బార్స్ మధ్య నేను నిలబడడానికి నాలుగో నెల వచ్చింది. క్యాథెటర్ తీసేశాక సొంతంగా ఒంటేలు పోసుకున్న రోజు వార్డంతా వినేలా సత్యవతిని పిలిచాను. ఇంటికొచ్చాక ఒకసారి వేడినీళ్ల బకెట్‌లో కుడిపాదం పెట్టి అలాగే కూర్చున్నాను. తోలు ఊడేదాకా తెలియలేదు. మళ్లీ నెల రోజులు మంచం.

ఇప్పటికి ఆరేళ్లు. చేతికర్రతో నడుస్తాను, ఎడమకాలు ఈడుస్తూ. వర్క్‌షాపులో టూల్స్ ఇచ్చి పుచ్చుకునే కౌంటర్‌లో కూర్చునే పని ఇచ్చారు. సాయంత్రానికి నడుం ఇనుములా అవుతుంది. రహీం భాయ్ వన్‌టౌన్‌లో కుట్టుమిషన్లు బాగుచేస్తున్నాడు, ఎడమచేత్తో. శుక్రవారం నమాజయ్యాక ఒక్కోసారి మా ఇంటికొస్తాడు. ఇద్దరం ఓడల గురించి మాట్లాడుకోం. మా నొప్పుల గురించే, చుట్టుపక్కలవాళ్లు నవ్వుకునేంత వివరంగా చెప్పుకుంటాం.

నీళ్లలో దిగే తమ్ముళ్లకి నేను చెప్పగలిగింది ఒక్కటే. పైకొచ్చాక దురద పెట్టినా, కీలు నొప్పెట్టినా, పాదం తిమ్మిరెక్కినా, అది ఎండ వల్లో అలసట వల్లో మీరు తేల్చుకోకండి. పక్కనున్నవాడికి అప్పుడే చెప్పండి, గడియారంలో టైం ఎంతయిందో కూడా చెప్పండి. పని ఆగిపోతుందే అనుకుంటారు. ఆగనివ్వండి. నేను చెప్పకుండా పడుకున్న ఆ రోజు కూడా, ఐదింటికి పని ఆగింది.